పటం, త్రైరాశికం, ఎకరం నేల

1

పటం నిష్పక్షపాతమైనదని మన బడుల్లో చెబుతారు. నదిని నదిగా, కొండను కొండగా చూపించే కాగితానికి పక్షమేమిటి అని ఆశ్చర్యపోయేవారు చదువుకున్నవారిలోనే ఎక్కువ. లెక్కల తరగతిలోకి వచ్చేసరికి యీ నమ్మకం మరింత గట్టిపడుతుంది. “పటం మీద ఒక అంగుళం నేలమీద నాలుగు మైళ్లయితే, మూడున్నర అంగుళాలు ఎన్ని మైళ్లు?” అని ఉపాధ్యాయుడు అడుగుతాడు. పద్నాలుగని విద్యార్థి చెబుతాడు. పాఠం ముగుస్తుంది. నాలుగు మైళ్ల నేలను ఒక అంగుళంలోకి కుదించినవారెవరు, ఏ అవసరం కొద్దీ కుదించారు, కుదింపులో ఏది మిగిలింది, ఏది పోయింది అన్న ప్రశ్నలు లెక్కల పుస్తకంలో వుండవు. చరిత్ర పుస్తకంలోనూ వుండవు. రెండు పుస్తకాల నడుమ పడి ఆ ప్రశ్నలు మాయమవుతాయి.

స్కేలు గణితంలో ఒక అనుపాతం. ఆ అనుపాతం జమీందారుకూ రైతుకూ ఒక్కటే. కాని ఫలానా పటానికి ఫలానా స్కేలు చాలునని నిర్ణయించడం గణితం చేసే పని కాదు. అది పాలకుల అవసరాన్ని బట్టి, పన్నుల విధానాన్ని బట్టి, సైన్యాల కదలికను బట్టి జరిగిన పని. యీ రెంటినీ కలిపి చదివినప్పుడే పటం అర్థమవుతుందని, అట్లా చదవడం సామాన్యునికి అందుబాటులో వున్న విద్యేనని చూపించడం యీ వ్యాసం ఉద్దేశం.

2

మూడు తెలిసిన రాశుల నుంచి తెలియని నాలుగో రాశిని రాబట్టే పద్ధతిని మన పూర్వులు త్రైరాశికమన్నారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే దాని సూత్రం వుంది. మొదటి రాశి ప్రమాణం, దానికి సంబంధించినది ఫలం, మనం అడిగేది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చవేసి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. కావ్యాలతో బాటు లెక్కలు కూడా తెలుగులో చెప్పవచ్చునని అంత పూర్వమే నిరూపించినవాడు మల్లన. యీ గణిత సంప్రదాయంలో త్రైరాశికానికి ఇచ్చే ఉదాహరణలు ధాన్యం, బంగారం, వడ్డీ, ప్రయాణం వంటివి. అంటే జనజీవనంలో నిత్యం ఎదురయ్యేవే.

పటం లెక్క యీ పాత లెక్కే. పై ఉదాహరణలో ఒక అంగుళం ప్రమాణం, నాలుగు మైళ్లు ఫలం, మూడున్నర అంగుళాలు ఇచ్ఛ. పద్నాలుగు మైళ్లు ఇచ్ఛాఫలం. దీన్నే తిరగేస్తే స్కేలు రాయని పటానికి స్కేలు కట్టవచ్చు. రెండు వూళ్ల నడుమ నేలమీద దూరం 12 కిలోమీటర్లని మనకు తెలుసు. పటం మీద కొలిస్తే 24 సెంటీమీటర్లు వచ్చింది. 12 కిలోమీటర్లంటే 12,00,000 సెంటీమీటర్లు. 24కు 12,00,000 అయితే 1కి ఎంత? 50,000. కాబట్టి ఆ పటం స్కేలు 1 : 50,000. ఇక్కడ విద్యార్థులు చేసే పొరపాటు సాధారణంగా ఒకటే. కిలోమీటర్లను సెంటీమీటర్లుగా మార్చకుండా భాగించేస్తారు. సజాతీయ రాశులను సజాతీయ రాశులతోనే పోల్చాలన్న నియమం తెలిసినవాడు యీ గోతిలో పడడు.

3

పటానికి నిలకడగా ఒకే అనుపాతం వుండాలన్న ఆలోచన ఒక జాతి సొత్తు కాదు. 3వ శతాబ్దంలో చైనాలో మంత్రి పదవి నిర్వహించిన పెయి షియు పటరచనకు ఆరు నియమాలు చెప్పాడు. వాటిలో దూరాలను నియతమైన భాగాలుగా పంచే నియమం ఒకటి. 1136లో రాతి మీద చెక్కిన ‘యూ జీ తూ’ అనే చైనా పటం మీద అడ్డంగా, నిలువుగా గళ్లు వున్నాయి. ఒక్కొక్క గడి భుజం నూరు లీల దూరం. గడులు లెక్కపెట్టగలిగినవాడు ఆ రాతి ముందు నిలబడి రెండు నగరాల నడుమ దూరం చెప్పగలడు.

ఐరోపాలో దేశమంతటికీ ఒకే కొలతతో పటం గీసే పని 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో కాస్సినీ కుటుంబం చేతుల మీదుగా సాగింది. వారి పటంలో ఒక ‘లీన్యు’ నేలమీద నూరు ‘త్వాజు’లకు సమానం. ఒక త్వాజుకు 864 లీన్యులు. కాబట్టి ఆ స్కేలు 1 : 86,400. రాజు ప్రోత్సాహంతో మొదలై చందాదారుల డబ్బుతో సాగిన ఆ పటాన్ని 1793లో విప్లవ ప్రభుత్వం జాతి పరం చేసింది. ఆ విప్లవమే మీటరును కూడా ఇచ్చింది. అంతకుముందు ఫ్రాన్సులో ప్రాంతానికొక కొలత, ప్రభువుకొక కుంచం. ఎవరి కుంచం వారిదైనచోట రైతు ఎప్పుడూ నష్టపోయేవాడే. భూమి పరిమాణం నుంచే కొలతను తీసుకోవాలని, అది ఏ ప్రభువు సొత్తూ కాకూడదని విప్లవకారులు నిర్ణయించారు. 1792 నుంచి 1798 వరకు దలాంబ్ర, మెషాఁ అనే శాస్త్రజ్ఞులు డన్‌కర్క్ నుంచి బార్సిలోనా వరకు త్రిభుజాలు కట్టి కొలిచారు.

స్కేలును అంగుళాలలో, మైళ్లలో చెప్పడానికీ, 1 : 50,000 అని భిన్నంగా చెప్పడానికీ తేడా యిక్కడే వుంది. మొదటిది ఆ కొలతలు తెలిసినవానికే పనికివస్తుంది. రెండవది ఏ కొలతకైనా వర్తిస్తుంది. అంగుళమైతే 50,000 అంగుళాలు, బెత్తెడైతే 50,000 బెత్తెళ్లు. మైలుకు 63,360 అంగుళాలు గనుక ఆంగ్లేయుల మైలుకు అంగుళం పటం 1 : 63,360, అంగుళానికి నాలుగు మైళ్ల పటం 1 : 2,53,440. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలను స్వీకరించిన తర్వాత సర్వే ఆఫ్ ఇండియా పటాలు కూడా 1 : 50,000 వంటి గుండు సంఖ్యలకు మారాయి.

4

మన దేశంలో పటరచన చరిత్ర కంపెనీ పన్నుల చరిత్రతో పెనవేసుకుని వుంది. 1765లో బెంగాలు దివానీ, అనగా శిస్తు వసూలు చేసే హక్కు, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. రెండేళ్లలో, 1767లో, జేమ్స్ రెన్నెల్ బెంగాలుకు సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1799లో టిప్పు సుల్తాను శ్రీరంగపట్నంలో పడిపోయాడు. ఆ సంవత్సరమే మైసూరు నేలను కొలిచే పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. మెకంజీకి కుడిభుజంగా పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మన ఏలూరు వారు. శాసనాలు, కైఫియతులు సేకరించడంలో వారి కృషి తెలుగువారికి తెలిసినదే. ఆ సేకరణ సర్వే గొలుసు వెంట నడిచిందన్న సంగతి అంతగా గుర్తుండదు.

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలవడం ప్రారంభించాడు. ఆ పనికి 57 రోజులు పట్టింది. తర్వాత కొలిచేది దాదాపు కోణాలనే. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు అనుపాతం వలన తేలుతాయి. తేలిన భుజం మరో త్రిభుజానికి ఆధారం. యీ విధంగా ఏడున్నర మైళ్ల గొలుసు కొలత నుంచి ఉపఖండమంతా లెక్కలోకి వచ్చింది. లెక్క సరిగా వుందో లేదో తెలియడానికి మధ్యలో మళ్లీ గొలుసు దింపి నేలను కొలిచేవారు. 1815లో బీదరు దగ్గర కొలిచిన ఆధారరేఖ అటువంటిది. లెక్కకు ఆచరణే గీటురాయి అన్న సూత్రాన్ని కంపెనీ వారి సర్వే కూడా పాటించక తప్పలేదు.

యీ చరిత్ర చెప్పేటప్పుడు లాంబ్టన్, ఎవరెస్టు పేర్లతో ఆగిపోవడం ఆచారం. గొలుసు మోసినవారు, అడవిలో చెట్లు నరికి చూపుకు దారి చేసినవారు, జ్వరాలతో చనిపోయినవారు పేర్లు లేకుండా పోయారు. లెక్క వేసినవారి గతి కూడా అంతకంటె మెరుగు కాదు. కలకత్తా హిందూ కళాశాల విద్యార్థి రాధానాథ్ సిక్దార్ 1831లో లెక్కలవాడుగా సర్వేలో చేరాడు. 15వ నంబరు శిఖరం ప్రపంచంలో కెల్లా ఎత్తయినదని 1852 ప్రాంతంలో తేల్చిన లెక్కలతో ఆయన పేరు ముడిపడి వుంది. 1865లో ఆ శిఖరానికి పెట్టిన పేరు మాత్రం జార్జి ఎవరెస్టుది. 1851లో అచ్చయిన సర్వే కరదీపికలో గణిత భాగాలకు సిక్దార్ చేసిన సహాయాన్ని పీఠికలో పేర్కొన్నారు. 1870లో ఆయన చనిపోయాడు. 1875లో వచ్చిన కొత్త ముద్రణలో ఆ మాటలు లేవు. యిదే సిక్దార్ 1843లో డెహ్రాడూన్‌లో సర్వే కూలీల చేత ఒక మేజిస్ట్రేటు అన్యాయంగా పని చేయించుకుంటే ఎదిరించాడు. అందుకు రెండు వందల రూపాయల జరిమానా కట్టాడు. ఎత్తులు లెక్కగట్టినవాడికి కూలీ వీపు మీద బరువు కూడా కనిపించిందన్నమాట. మన లెక్కల పాఠాల్లో ఆయనకు చోటు లేకపోవడం విచారకరం.

5

ఇంత ఖర్చుతో కొలిచిన నేలను ఏ స్కేలులో గీశారన్నది అసలు ప్రశ్న. 1820ల నుంచి వెలువడిన భారతదేశ అట్లాసు అంగుళానికి నాలుగు మైళ్ల పటం. సైన్యం నడిచే బాటలు, నదుల రేవులు, కోటలు, పట్టణాలు తెలుసుకోవడానికి అది చాలు. ఆ పటంలో రైతు ఎక్కడున్నాడు? త్రైరాశికంతోనే చూద్దాం. ఎకరం 43,560 చదరపు అడుగులు. చదరంగా వున్న ఎకరం భుజం సుమారు 209 అడుగులు. నాలుగు మైళ్లు 21,120 అడుగులు. 21,120 అడుగులకు ఒక అంగుళమైతే 209 అడుగులకు అంగుళంలో నూరో వంతు, అనగా పావు మిల్లీమీటరు. అది కలం గీసే గీత మందం. రైతు, అతని నేల, అతని కుటుంబం అంతా ఆ గీత కిందే వుండిపోయారు.

శిస్తు నేరుగా రైతు దగ్గరే వసూలు చేయవలసి వచ్చినచోట స్కేలు మారింది. 1800లో నిజాం కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో, నేటి రాయలసీమలో, థామస్ మన్రో పొలం పొలం కొలిపించాడు. మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే శాఖ 1858లో ఏర్పడింది. రైత్వారీ విధానంలో ప్రతి రైతు మీదా శిస్తు వేయాలి గనుక ప్రతి గట్టూ పటంలోకి ఎక్కవలసి వచ్చింది. అదే ఉత్తర సర్కారు జమీందారీలలో అంత అవసరం లేకపోయింది. 1802 శాశ్వత పరిష్కారంతో జమీందారు కట్టే పేష్కషు నిలకడగా నిర్ణయమైంది. ఆ తర్వాత రైతు నేల ఎంతో, అతని దగ్గర జమీందారు ఎంత గుంజుతున్నాడో కంపెనీకి పట్టలేదు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయి భూములు రైత్వారీలోకి వచ్చినప్పుడు ఆ గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరపడం ప్రభుత్వానికి విధి అయింది. కొండలూ నదులూ యిక్కడా అక్కడా ఒకటే, కొలిచే గొలుసు ఒకటే, గణితం ఒకటే. పన్ను ఎవరి దగ్గర పుచ్చుకోవాలన్న ప్రశ్నకు జవాబు మారింది గనుక స్కేలు మారింది.

6

గ్రామపటాలకు మైలుకు పదహారు అంగుళాల స్కేలు ప్రసిద్ధం. దాని లెక్క తెలుగు రైతుకు చాలా అనువైనది. మైలు 5,280 అడుగులు. పదహారుతో భాగిస్తే అంగుళానికి 330 అడుగులు. గుంట భుజం 33 అడుగులు. కాబట్టి పటం మీద అంగుళంలో పదో వంతు గుంట భుజమవుతుంది. ఒక చదరపు అంగుళంలో నూరు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు గనుక చదరపు అంగుళం రెండున్నర ఎకరాలు. సెంట్లలో చెప్పాలంటే 250 సెంట్లు.

ఇప్పుడు స్కేలును సగం చేద్దాం. మైలుకు ఎనిమిది అంగుళాలు. చదరపు అంగుళం ఎంత? అయిదెకరాలని చాలామంది చెబుతారు. తప్పు. అంగుళానికి 660 అడుగులు. 660ను 660తో హెచ్చవేస్తే 4,35,600 చదరపు అడుగులు, అనగా పదెకరాలు. పొడవు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. మైలుకు నాలుగు అంగుళాల పటంలో చదరపు అంగుళం నలభై ఎకరాలు, మైలుకు ఒక అంగుళం పటంలో 640 ఎకరాలు. త్రైరాశికం పొడవులకు నేరుగా వర్తిస్తుంది. వైశాల్యానికి వచ్చేసరికి అనుపాతాన్ని వర్గం చేయాలి. యీ ఒక్క మెట్టు తెలియక పదెకరాలను అయిదెకరాలుగా చదివేవాడు కాగితం మీద కాదు, నేలమీద నష్టపోతాడు.

మరొక సంగతి గీత మందానికి సంబంధించినది. మైలుకు పదహారు అంగుళాల పటం మీద పెన్సిలు గీత అంగుళంలో ఇరవయ్యో వంతు పక్కకు జరిగిందనుకుందాం. నేలమీద అది పదహారున్నర అడుగులు. గట్టు పొడవు 500 అడుగులైతే చేతులు మారే నేల 8,250 చదరపు అడుగులు, సుమారు 19 సెంట్లు, ఏడున్నర గుంటలు. నూరెకరాల ఆసామికి అది అయిదు వందల్లో ఒక వంతు; అతను గమనించను కూడా గమనించడు. ఎకరం రైతుకు అది అయిదింట ఒక వంతు. ఏడాది గింజల్లో రెండు నెలల గింజలు. గణితం దృష్టిలో రెండూ ఒకే పొరపాటు. బతుకు దృష్టిలో ఒకటి కాదు. సమానమైన తప్పు అసమానమైన సమాజంలో అసమానంగానే పడుతుంది.

అందుచేతనే గ్రామపటం మీద స్కేలుబద్ద పెట్టి గట్టు తగాదా తీర్చకూడదు. దానికి పొలం కొలతలు అంకెలతో రాసిన ఎఫ్.ఎం.బి. పటాలున్నాయి, తెలంగాణాలో టిప్పన్లున్నాయి. సర్వేయరు తేల్చవలసింది ఆ అంకెలను బట్టి. కరణం, పట్వారీ చేతుల్లో యీ కాగితాలు వున్నంతకాలం వాటిని చదవడం కూడా వారి ఇంటి విద్యగానే వుండిపోయింది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు రద్దయ్యాయి. ఉద్యోగం పోయింది గాని విద్య ఊరి చేతికి రాలేదు. కాగితం కార్యాలయానికి వెళ్లింది. రైతు కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

7

గ్రామంలో గట్టుకు పట్టిన న్యాయమే దేశాల సరిహద్దుకూ పడుతుంది. 1 : 10,00,000 పటం మీద అర మిల్లీమీటరు గీత గీస్తే, ఆ గీత కింద నేలమీద 500 మీటర్లు వుంటుంది. ఒక ఊరు, దాని చెరువు, శ్మశానం అందులో ఇమిడిపోతాయి. అంతకుముందెన్నడూ భారతదేశం చూడని సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జూలై 8న వచ్చాడు. ఆగస్టు 17న ఆయన తీర్పు వెల్లడయింది. అయిదారు వారాల్లో పటాలు, జనాభా లెక్కలు ముందేసుకుని పంజాబు, బెంగాలులను విభజించారు. నేలమీద నడిచి గీయవలసిన గీతను బల్లమీద గీసినప్పుడు స్కేలు వదిలేసిన మనుషులంతా ఆ గీత కింద పడ్డారు. ఆనాటి మారణకాండకు కారణాలు అనేకం. పటం వాటిలో ఒకటి కాదని చెప్పలేం.

8

ఇప్పుడు కొలత ఉపగ్రహాల చేతికి, డ్రోన్ల చేతికి వచ్చింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో యీ సాధనాలతో పునఃసర్వే ప్రారంభమైంది. కొలత ఎంత సూక్ష్మమైనా రైతు చేతికి వచ్చేది ఒక కాగితం, లేదా ఫోనులో ఒక బొమ్మ. పాత లెక్క అక్కడ మళ్లీ అవసరమవుతుంది. 1 : 5,000 అని అచ్చువేసిన పటాన్ని జిరాక్సు యంత్రం సగానికి కుదిస్తే దాని నిజమైన స్కేలు 1 : 10,000. అచ్చులో మాత్రం 1 : 5,000 అనే వుంటుంది. ఆ అంకెను నమ్మి లెక్కగట్టినవానికి నాలుగెకరాల చేను ఒక ఎకరంగా తేలుతుంది. ఫోను తెర మీద వేళ్లతో పెద్దదిగా చేసిన బొమ్మకైతే అంకెల స్కేలుకు అర్థమే లేదు. పటం అడుగున గీసిన స్కేలు గీత మాత్రం పటంతో బాటే కుదిస్తుంది, పటంతో బాటే పెరుగుతుంది గనుక అది అబద్ధమాడదు. అంకెను నమ్మే ముందు గీతను కొలవడం విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పని.

ఉపాధ్యాయ మిత్రులు యీ పాఠాన్ని ఆరు లెక్కలు చేయించి వదిలేయకూడదు. తమ ఊరి గ్రామపటాన్ని తరగతిలోకి తీసుకురావాలి. దాని స్కేలు ఎంత, ఒక చదరపు అంగుళం ఎన్ని ఎకరాలు, చెరువు శిఖం ఎంత, పోరంబోకు ఎక్కడ, అది యీనాడు ఎవరి సాగులో వుంది అన్న ప్రశ్నలు పిల్లల చేత వేయించాలి. నేలమీదకు తీసుకువెళ్లి గొలుసుతోనో టేపుతోనో కొలిపించి, పటం చెప్పినదానితో సరిచూపించాలి. రెంటికీ తేడా వస్తే అది ఎక్కడ వచ్చిందో ఆలోచింపజేయాలి. పావులూరి మల్లన లెక్కను తెలుగులోకి తెచ్చాడు. దాన్ని తెలుగు పల్లెలోకి తేవలసిన పని మన తరానికి మిగిలింది. సర్వేయరు పటం విప్పినప్పుడు “దీని స్కేలెంత, బాబూ?” అని ఎకరం రైతు అడగగలిగిన నాడు ఆ పని కొంతయినా జరిగినట్టు.